మాడ్‌స్లే మర

పూర్వము మరచుట్లను చాలవరకు చేతితోనే కోసెడివారు. అందుచే ఒక బోల్టు నట్టు వేరొక బోల్టునకు తరచు పట్టెడిది కాదు. 1800 ప్రాంతమున లండనులో హెన్రీ మాడ్‌స్లే ఈ లోపమును తీర్చు లేతు యంత్రమును నిర్మించెను. అందు కమ్మీ తిరుగుచుండగా, పళ్ళచక్రములచే దానితో జతపడిన పొడవైన మరకడ్డీ ఉలిని సమగతిని నడుపును. కమ్మీ ఒకసారి తిరుగునంతలో ఉలి అంగుళములో 50వ వంతు జరిగినచో, అంగుళమునకు 50 చుట్లు ఏర్పడును. ఉలి ఒక్కసారిగా లోతునకు దిగినచో సన్నని చుట్లు చెడును. కావున పలుమారులు కొద్దికొద్దిగా కోయవలెను.

నడుపు మరలోని తప్పు కోయబడు మరలోనికిని వచ్చును. అందుచే మాడ్‌స్లే ముందుగా ఆ మరనే సరిదిద్దుటకు శ్రమించెను. ఆయన చేసిన ఒక మర పొడవు 5 అడుగులు. దాని 12 అంగుళముల నట్టులో 600 చుట్లు! బాలలారా, మార్గదర్శి నిర్దుష్టమైనప్పుడే అనుసరించునదియు నిర్దుష్టమగును.