శ్వాసయు శాంతియు: ఇష్టలింగార్చనలో ఒక పాఠము

దినమంతయు కాయకమున అలసి ఇల్లు చేరిన గృహస్థుడు స్నానము చేసి, విభూతి ధరించి, ఇష్టలింగమును కరస్థలమున నిలుపుకొని కూర్చుండును. కన్నులు లింగముపైన ఉన్నవి. పెదవులు పంచాక్షరిని పలుకుచున్నవి. కాని రొమ్ము త్వరత్వరగా ఎగసిపడుచున్నది. మనస్సు తీర్చవలసిన అప్పుచుట్టును, కుమారుని పరీక్షాఫలితముచుట్టును తిరుగుచున్నది. పూజ ముగిసినను శాంతి కలుగలేదు. తన భక్తియందే లోపమున్నదని ఆతడు తన్ను తాను నిందించుకొనును. అట్లు నిందించుకొనుట యుక్తము కాదు. దేహధర్మమును తెలిసికొనినచో ఈ చిక్కు చాలవరకు విడిపోవును.

దేహము భయపడు విధము

పొలముగట్టుపై నడచువాని యెదుట పాము పడగ విప్పినదనుకొనుడు. ఆలోచన కలుగుటకు ముందే గుండె వేగము హెచ్చును, శ్వాస పొట్టిదై త్వరపడును, కండరములు బిగియును, జీర్ణక్రియ మందగించును. మూత్రపిండములపైనున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. కొంత తడవునకు కార్టిసాల్ అను మరియొక రసము తోడై రక్తమున చక్కెరను పెంచును. పోరాడుటకో పారిపోవుటకో దేహము సిద్ధపడుట యిది. అమెరికా దేశపు శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో వెలువడిన గ్రంథమున ఇట్టి మార్పులను వివరించెను. హాన్స్ సెల్యే 1936 మొదలుకొని ప్రకటించిన పరిశోధనలు, ఇట్టి ఒత్తిడి ఎడతెగక సాగినచో దేహమునకు కలుగు హానిని వెల్లడించినవి.

పాము తొలగిపోగానే దేహము కుదుటపడును. అప్పు, వ్యాజ్యము, రోగభయము అట్లు తొలగిపోవు. అవి రాత్రి పక్కమీదికిని, పూజాపీఠముకడకును వెంట వచ్చును. దేహము ఎల్లప్పుడును పామును చూచినట్లే ఉండును. నిద్రలేమి, చీటికిమాటికి కోపము, అజీర్ణము, హెచ్చిన రక్తపోటు దీనికి అనుబంధములు.

శ్వాసయే ద్వారము

నెమ్మదిగా కొట్టుకొనుమని ఆజ్ఞాపించిన గుండె వినదు. శ్వాస అట్టిది కాదు. అది నిద్రలో సయితము తనంత తాను జరుగును. మెలకువయందు మానవుని ఇచ్ఛకును లోబడును. పూరకమున, అనగా గాలిని లోనికి పీల్చునపుడు, గుండె వేగము కొంచెము హెచ్చును. రేచకమున, అనగా విడుచునపుడు, తగ్గును. మెదడునుండి బయలుదేరి గుండెకును ఉదరమునకును వ్యాపించిన వేగస్ నాడి గుండెకు కళ్లెము వంటిది. రేచకకాలమున ఆ కళ్లెము బిగియును. పెద్దలు విశ్రాంతియందు సాధారణముగా నిమిషమునకు 12 మొదలు 20 పర్యాయములు శ్వాసింతురు. ఆ సంఖ్య 6కు దిగినపుడు గుండె లయయు, రక్తపోటును సరిదిద్దు సహజవ్యవస్థయు ఒకదానితో నొకటి చక్కగా పొందికపడును.

ఇటలీ దేశమున బెర్నార్డి మొదలగు వైద్యులు 23 మంది ఆరోగ్యవంతులను పరీక్షించి, 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికయందు ఫలితములను ప్రకటించిరి. వారు క్రైస్తవుల జపమాలాప్రార్థనను, ఒక బౌద్ధమంత్రమును పరీక్షకు తీసికొనిరి. ఆ రెండింటిలో దేనిని జపించినను శ్వాస సుమారు నిమిషమునకు 6 పర్యాయములకు దిగినది. పంచాక్షరి ఆ పరీక్షలో లేదు. అయినను శ్వాస జపముయొక్క నిడివిని అనుసరించునని దీనివలన తెలియుచున్నది. కావున లెక్క పూర్తిచేయుటకై పరుగులెత్తు జపమున ఈ ఫలమును ఆశింపరాదు.

శరణుల హెచ్చరిక

శ్వాసను బిగించి సిద్ధులు సాధించుట శరణుల మార్గము కాదు. 15వ శతాబ్దమున చామరస కవి కన్నడమున రచించిన ప్రభులింగలీలెయందు గోరక్షుని కథ కలదు. యోగబలమున దేహమును వజ్రతుల్యము గావించుకొన్న గోరక్షుని కత్తితో కొట్టగా ఖంగున మ్రోగినది. గోరక్షుడు అల్లమప్రభువును కొట్టగా కత్తి బయలున తిరిగినట్లు సాగిపోయినది. మ్రోగుటకు అచట ‘నేను’ అను గట్టితనము లేదు. దేహమును గట్టిపరచుట యోగమునకు గమ్యము కాదని ఈ కథ బోధించుచున్నది. షట్‌స్థలములలో నాలుగవది ప్రాణలింగిస్థలము. ప్రాణమును లింగమునందు నిలుపుటయే అచటి సాధన. ఆరోగ్యము దారిలో లభించు ప్రసాదము మాత్రమే.

అభ్యాసక్రమము

వెన్నెముక నిటారుగా నుంచి సుఖముగా కూర్చుండవలయును. నేలపై కూర్చుండలేని వృద్ధులు కుర్చీపై కూర్చుండవచ్చును. లింగముపై దృష్టి నిలిపి, మొదట రెండు మూడు నిమిషములు శ్వాసను మార్పక గమనింపవలయును. పిమ్మట ముక్కుతో నాలుగు సెకండ్లు మెల్లగా పీల్చి, మనస్సున పంచాక్షరిని పలుకుచు ఆరు సెకండ్లు విడువవలయును. కుంభకము, అనగా శ్వాసను లోన బంధించుట, వలదు. ప్రారంభమున ఐదు నిమిషములు చాలును. క్రమముగా పదికి పెంచవచ్చును. తల తిరిగినచో వెంటనే మాని సహజశ్వాసకు రావలయును.

గుండెజబ్బు, ఉబ్బసము గలవారును, గర్భిణులును వైద్యుని అడిగి ఆరంభించుట మేలు. రక్తపోటునకు మందు వాడువారు శ్వాసాభ్యాసము చేయుచున్నామని మందు మానరాదు. ఈ ఒక్క పొరపాటు ప్రాణాపాయమునకు దారితీయగలదు. దిగులు వారములతరబడి వీడనిచో వైద్యుని ఆశ్రయించుట భక్తికి కొరత కాదు.

శ్వాస నెమ్మదించినంతమాత్రమున అప్పు తీరదు, పరీక్షాఫలితము మారదు. అయినను అప్పుగురించి ఇల్లాలితో కోపము లేక మాటాడుటకును, తప్పిన కుమారుని దండింపక చేరదీయుటకును వలసిన నిదానము చేకూరును. మొదటి దినముననే ఫలము కానరాకున్నను విడువక, నిత్యార్చనలో దీనికి ఐదు నిమిషములు కేటాయింపవలయును. ఇంటి పెద్దలు ఆచరించినచో పిల్లలకు వేరుగా బోధింప పనిలేదు.