మడ అడవిలోని బావురుపిల్లి

ధవళేశ్వరము దాటిన పిమ్మట గోదావరీనది గౌతమి, వసిష్ఠ యను పెద్దపాయలుగా చీలి సముద్రము వైపు సాగును. అందు గౌతమి యానాము ప్రక్కగా పోవుచు కోరంగి, గాడేరు మొదలగు చిన్నపాయలను విడిచిపెట్టును. ఈ చిన్నపాయలు కాకినాడ అఖాతములో కలియును. వీని నడుమ నున్న నేల దినమునకు రెండుమారులు నీట మునిగి తేలుచుండును. పోటు వచ్చినపుడు సముద్రపు టుప్పునీరు లోనికి ఎగదట్టును. ఆటు వచ్చినపుడు నదిలోని మంచినీరు దానిని వెనుకకు నెట్టును. సామాన్యములైన చెట్లు అట్టి నేలయందు బ్రతుకజాలవు. నల్లమడ, తెల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న మొదలగు కొన్ని జాతులు మాత్రమే అందు పెరుగును. బురదలో గాలి యాడదు గనుక మడచెట్ల వేళ్ళు నేలను చీల్చుకొని మేకులవలె పైకి లేచి గాలిని పీల్చును. చెప్పులు లేక ఆ నేలపై నడువబోయినవారు ఆ మేకుల సంగతి తొందరగా మరువరు.

కోరంగి పూర్వము గొప్ప రేవుపట్టణము. ఓడలు కట్టుటకును, బాగుచేయుటకును అది పేరు పొందినది. ఇక్కడినుండి ఓడలెక్కి బర్మాకు పోయిన తెలుగువారిని అక్కడివారు 'కోరంగీలు' అని పిలిచెడివారు. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు ఆ పట్టణమును నాశనము చేసినవి. నేడు కోరంగి ఒక పల్లె. అయినను దాని పేరు వేరొక విధమున నిలిచినది. 1978లో ప్రభుత్వమువారు ఇక్కడి మడ అడవిని అభయారణ్యముగా ప్రకటించి, దానికి ఆ పల్లె పేరే పెట్టిరి. దీని విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. తూర్పుగోదావరి జిల్లాలో నుండిన ఈ ప్రాంతములో చాల భాగము 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కాకినాడ జిల్లాలో చేరినది.

ఈ అడవిలో పక్షులు కలవు, నీటికుక్కలు కలవు, లెక్కకు మించిన పీతలు కలవు. కాని దీనికి దేశదేశముల పేరు తెచ్చినది ఒక పిల్లి. దానిని మనవారు బావురుపిల్లి యందురు. నీటిపిల్లి యని పిలుచువారును గలరు.

మన యింటి పిల్లిపై నాలుగు చుక్కల నీరు పడినచో అది ఎట్లు పరుగెత్తునో బాలబాలికలందరును చూచియే యుందురు. బావురుపిల్లి అట్టిది కాదు. అది నీటిలోనికి దుముకును, ఈదును, మునుగును. చేపలే దానికి ముఖ్యాహారము. ప్రకృతి దాని దేహమును ఈ పనికి తగినట్లే అమర్చినది. దాని బొచ్చు రెండు పొరలుగా నుండును. లోపలి పొర పొట్టిగాను, మిక్కిలి దట్టముగాను ఉండుటచే నీరు చర్మమును తాకదు. కాలివ్రేళ్ళ నడుమ బాతుకాలికి వలె కొంతవరకు పలుచని తోలు కలదు. ఇతర పిల్లులలో చాల జాతులు గోళ్ళను పూర్తిగా లోనికి ముడుచుకొనగలవు. దీని గోళ్ళు ముడిచినప్పుడును కొంచెము వెలుపలికి కనబడుచునే యుండును. జారెడి చేపను పట్టుటకు అవి గాలమువలె ఉపయోగపడును. తోక పొట్టిది. శరీరము బూడిదవన్నె. దానిపై నల్లని మచ్చలు వరుసలు తీరి యుండును. తలమీదినుండి మెడవరకు చారలుండును. బరువు సుమారు 5 మొదలు 16 కిలోగ్రాముల వరకు ఉండునని చెప్పుదురు. పెద్దదైనచో అది మన యింటి పిల్లికి మూడింతలు తూగును. చీకటిలో దీనిని చూచి చిరుతపులి పిల్ల యని భ్రమపడి కొట్టి చంపిన సందర్భములు అనేక ప్రాంతములలో కలవు.

అది వేటాడు తీరు చూడదగినది. పొద్దు క్రుంకిన తరువాత కాలువ గట్టున కదలక మెదలక చాలసేపు కూర్చుండును. ఒక్కొక్కప్పుడు ముందుకాలితో నీటిని మెల్లగా తట్టును. ఏదియో పురుగు నీటిలో పడినదని చేప పైకి వచ్చును. వచ్చినదే తడవుగా పంజా పడును. చేప లోతున నున్నచో తల ముంచి నోటితోనే పట్టును. చేపలు దొరకనప్పుడు పీతలతోను, ఎలుకలతోను, నీటిపక్షులతోను కడుపు నింపుకొనును.

ఈ జంతువు మన దేశములోనే కాక నేపాలు, బంగ్లాదేశము, శ్రీలంక, బర్మా, థాయిలాండు మొదలగు దేశములలోను కలదు. కాని చిత్తడినేలలు ఎక్కడెక్కడ తరిగిపోవుచున్నవో అక్కడక్కడ ఇదియు తరిగిపోవుచున్నది. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని మొదటి షెడ్యూలులో చేర్చి, పులితో సమానమైన రక్షణ నొసగినది. పశ్చిమ బెంగాలు దీనిని తన రాష్ట్రజంతువుగా స్వీకరించినది.

రాత్రివేళ బురదలో తిరిగెడి జంతువును లెక్కించుట యెట్లు? దానికొక ఉపాయము కలదు. జంతువులు నడిచెడి దారులలో చెట్లకు కెమెరాలు కట్టుదురు. ఎదుట ఏదైన కదలినచో కెమెరా తనంతట తానే ఛాయాచిత్రము తీయును. మనుష్యుల వ్రేలిముద్రలవలె ఒక పిల్లి మచ్చలు వేరొక పిల్లికి ఉండవు. ఆ మచ్చలను పోల్చి చూచి ఏది యేదియో గుర్తింతురు. ఇట్లు 2018లో అటవీశాఖ వారు జరిపిన గణనలో కోరంగి అడవిలో 115 బావురుపిల్లు లున్నట్లు తేలినది. ఒక్క అడవిలో ఇన్ని యుండుట విశేషమే.

ఈ వార్త పత్రికలలో వచ్చిన పిమ్మట కోరంగికి వచ్చువారిలో పిల్లిని చూడగోరువారు పెరిగిరి. తాళ్ళరేవు మండలములోని చొల్లంగి వద్ద అడవి లోపలికి చెక్కలతో కట్టిన బాట కలదు. పడవలును కలవు. కార్తికమాసములో వనభోజనములకు వచ్చువారితో ఆ చోటు తిరునాళ్ళవలె నుండును. పడవలు నడుపుటకును, దారి చూపుటకును చుట్టుప్రక్కల పల్లెలవారికి పని దొరకినది. వల వేసి బ్రతుకు కుటుంబమునకు ఇది చిన్న విషయము కాదు. అడవి నిలిచియున్ననే తమకు కూలి గిట్టునని తెలిసినవాడు అడవిని నరకనీయడు.

కాని ఇక్కడనే ఒక చిక్కు కలదు. పిల్లిని చూచుటకు జనులు వత్తురు. పిల్లి మాత్రము రాత్రి సంచారి. పగటిపూట అది మడపొదలలో నిద్రించును. డబ్బు పెట్టి వచ్చినవాడు దానిని చూడక మరలిపోవలసినదే. 'ఎట్లయినను చూపింపుడు' అను కోరిక అప్పుడు పుట్టును. చేపలను ఎరగా వేసి గట్టునకు రప్పింతమా? రాత్రులందు దీపములతో పడవలు నడుపుదమా? ఈ ప్రశ్నలకు తొందరపడి ఉత్తరము చెప్పరాదు. పిల్లులే యాత్రికుల నాకర్షించిన ఇతర దేశములలో ఏమి జరిగినదో ముందుగా తెలిసికొనవలెను.

జపాను దేశములో ఎహిమే రాష్ట్రమునకు చెందిన అవోషిమా యను చిన్నదీవి కలదు. అక్కడివారు చేపలు పట్టువారు. పడవలలో వలలను కొరికెడి ఎలుకల బాధ పోగొట్టుటకు పిల్లులను తెచ్చిరి. కాలక్రమమున పడుచువారు పట్టణములకు వలసపోయిరి. వృద్ధులు కొందరు మిగిలిరి. పిల్లులు మాత్రము వందల సంఖ్యకు పెరిగినవి. వాని ఛాయాచిత్రములు లోకమంతట వ్యాపించగా యాత్రికులు ఓడలెక్కి వచ్చుట కారంభించిరి. ఆ దీవిలో అంగడి లేదు, వసతిగృహము లేదు. వచ్చినవారు పెట్టు తిండికి పిల్లులు అలవాటు పడినవి. గాలివాన వచ్చి ఓడ నిలిచిన దినమున వాని గతి యేమి? చూచుకొనెడి ముసలివారు లేని దినమున వాని గతి యేమి? ఇది యంతయు ఆలోచించి 2018లో ఆ పిల్లులకు సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసిరి. మనుష్యులును తరిగిరి, పిల్లులును తరుగుచున్నవి. ఆ నిర్ణయము కఠినముగా తోచవచ్చును గాని, ఆకలితో చచ్చుటకంటె ఆ పిల్లులకు అదియే మేలని నాకు తోచుచున్నది.

రోము నగరములో వేరొక దారి త్రొక్కిరి. జూలియసు సీజరు హతుడైన ప్రదేశమునకు చెందిన శిథిలములు 1929లో బయల్పడినవి. గోతివలె పల్లముగా నున్న ఆ చోట ఊరిలోని దిక్కులేని పిల్లులు చేరినవి. వానిని చూచుటకు బాటసారులు నిలిచెడివారు. స్వచ్ఛందముగా పనిచేయు స్త్రీలు వానికి తిండి పెట్టి, టీకాలు వేయించి, శస్త్రచికిత్సలు చేయించి, పెంచుకొందుమన్న వారికి ఇచ్చిరి. స్వేచ్ఛగా తిరుగు పిల్లులకు రక్షణ కల్పించుచు ఇటలీలో 1991లో ఒక శాసనము వచ్చినది. 2012లో పురాతత్త్వశాఖ వారు శిథిలముల మధ్యనున్న పిల్లుల ఆశ్రయమును తొలగింపనెంచగా పెద్ద వివాదము చెలరేగినది. ఆశ్రయము నిలిచినది.

అవి ఇంటి పిల్లులు. వేల యేండ్ల క్రిందటనే మనుష్యుని పంచను చేరినవి. వానికి తిండి పెట్టుట, టీకా వేయుట, సంఖ్యను అదుపులో నుంచుట మనుష్యుని బాధ్యత. బావురుపిల్లి మన పంచను ఎన్నడును చేరలేదు. దాని సంఖ్యను మనము తగ్గింప నక్కరలేదు. దానికి తిండి పెట్టనే కూడదు. చేతికి వచ్చిన చేపకు అలవాటు పడిన పిల్లి గట్టున కూర్చుండి కాచుట మానును. పడవలు వచ్చుచోటికే వచ్చును. మనుష్యుని చూచి బెదరదు. బెదరని అడవి జంతువునకు ఆయుస్సు తక్కువ. రేపు అది కోళ్ళగూటికి పోవును, రొయ్యల చెరువునకు పోవును, అక్కడ దెబ్బ తినును.

వనభోజనములవారు వదలిన విస్తళ్ళును ఈ కథలో ఒక పాత్ర ధరించును. ఎంగిలి పడినచోట కాకులు చేరును, ఊరకుక్కలు చేరును, ఊరపిల్లులు చేరును. కుక్కలు కూనలను చంపును. ఊరపిల్లుల వలన అడవిపిల్లులకు అంటురోగములు సోకగలవు. బావురుపిల్లి ఈనినచో సాధారణముగా రెండు మూడు కూనలే. వానిలో ఒకటి పోయినను పెద్ద నష్టమే. కనుక రోములో పిల్లికి గిన్నెతో అన్నము పెట్టుట ఎట్లు దయయో, కోరంగిలో గిన్నెను పెట్టకుండుటయు అట్లే దయ.

ఇక జాలరుల మాట. వల చించి చేపను ఎత్తుకొనిపోయిన పిల్లిపై వారికి కోపము రాకుండునా? పట్టణమునుండి వచ్చి ఛాయాచిత్రము తీసికొని పోవువానికి ఆ పిల్లి ముద్దు. వల బాగుచేసికొనువానికి అది నష్టము. ఈ నష్టమును జాలరి యొక్కడే భరింపవలె ననుట న్యాయము కాదు. యాత్రికుల వలన వచ్చెడి సొమ్ములో కొంత వలలు పోయినవారికి, కోళ్ళు పోయినవారికి చేరవలెను. పడవ నడుపు పనియు మొదట ఆ పల్లెలవారికే దొరకవలెను. జాలరి పగబూనినచో ఎన్ని కెమెరాలు కట్టినను ఆ పిల్లిని కాపాడజాలము.

అభయారణ్యపు సరిహద్దు పిల్లికి తెలియదు. సరిహద్దునకు వెలుపల 1990 తరువాత వరిచేలు, చిత్తడినేలలు అనేకము రొయ్యల చెరువులైనవి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగుపై కఠినమైన ఆంక్షలు విధించినది. 2020లో కాకినాడ పొలిమేరలో ఇండ్లస్థలములకై మడచెట్లను కొట్టివేసిన విషయము హరిత ట్రిబ్యునలు వరకు పోయినది. ఇల్లు లేనివానికి ఇల్లు కావలసినదే. కాని ఉప్పెనకు అడ్డుగా నిలిచెడి చెట్లను కొట్టి ఆ చోటనే ఇల్లు కట్టుట యేపాటి క్షేమము? 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను కూల్చిన తుపాను తాతల కాలపుది కాదు. దానిని చూచినవారు ప్రతి యూరను ఉన్నారు. మడ అడవి గాలి వేగమును, అలల తాకిడిని తగ్గించి వెనుకనున్న పల్లెలను కొంతవరకు కాపాడును.

పైనుండి వచ్చు నదీజలమును మరువరాదు. ఆనకట్టల వలన డెల్టాకు చేరెడి ఒండ్రు తగ్గినది. వేసవిలో మంచినీరు తగ్గినపుడు మడనేలలో ఉప్పు పేరుకొనును. అట్టి నేలలో చెట్లు ఎండి బయళ్ళు ఏర్పడును. ఆ బయళ్ళను మరల అడవిగా మార్చుటకు అటవీశాఖ వారును, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారును, పల్లెప్రజలును కలిసి గత శతాబ్దపు చివరిలో ఒక పద్ధతిని ఆచరణలో పెట్టిరి. పాయనుండి ఒక పెద్దకాలువ త్రవ్వుదురు. దానికి ఇరువైపుల ఏటవాలుగా చిన్నకాలువలు తీయుదురు. పైనుండి చూచినచో అది చేప వెన్నెముకవలె కనబడును. పోటునీరు ఆ కాలువల వెంట లోనికి వచ్చి, ఆటుతో మరలిపోవుచు నేలలోని ఉప్పును కడిగివేయును. కాలువ గట్లమీద మడమొక్కలు నాటుదురు. మొక్కలు నాటుకొన్నచోటికి పీతలు వచ్చును, రొయ్యపిల్లలు వచ్చును, వాని వెంట చేపలు వచ్చును. పోటు తీసిన ఉదయమున అట్టి కాలువ గట్లకు పోయి బురదను పరికించినచో, గోటిగుర్తులు కొద్దిగా దిగిన గుండ్రని పాదముద్రలు కనబడును. కోరంగికి పోవు యాత్రికునకు చూపదగినవి అవియే. చొల్లంగి చెక్కబాట మొదటనే కెమెరా తీసిన ఛాయాచిత్రములను తగిలించి, 'పిల్లి మీకు కనబడదు, దాని అడుగులు మాత్రము కనబడవచ్చును' అని టిక్కెట్టు కొనకముందే చెప్పుట మంచిది. మధ్యాహ్నపు పోటు వచ్చులోపల చూచినవారికే ఆ అడుగులు దక్కును.