ప్రయాణ బడలికలో నమాజు వేళలు

ఒకప్పుడు వాన మొహం చాటేస్తే మన అనంతపురం జిల్లా వాళ్లు బెంగళూరుకో, కువైట్‌కో దారి పట్టేవారు. ఇప్పుడు చదువుకున్న బిడ్డలు అమెరికా దాకా వెళ్తున్నారు. వారిని చూడటానికి వయసు మళ్లిన తల్లిదండ్రులూ విమానం ఎక్కుతున్నారు.

అలా డాలస్‌లోని కొడుకు ఇంటికి వెళ్లిన గుత్తి ప్రాంతపు పెద్దమనిషి ఒకరు ఫోన్ చేశారు. "మౌల్వీ సాబ్! నలభై ఏళ్లుగా నమాజు తప్పినవాణ్ణి కాను. ఇక్కడ మూడు రోజులుగా మధ్యాహ్నం కన్ను మూస్తే మగ్రిబ్‌కు గానీ మెలకువ రావడం లేదు. నా ఈమాన్ బలహీనపడిందా?" అని కంటతడి పెట్టారు.

సోదర సోదరీమణులారా! ఇది ఈమాన్ లోపం కాదు. అల్లాహ్ మన శరీరంలో ఒక గడియారం పెట్టాడు. వెలుతురును బట్టి అది నడుస్తుంది. వేసవిలో డాలస్‌లో మధ్యాహ్నం ఒకటిన్నర అయితే అనంతపురంలో అర్ధరాత్రి. మనిషి అక్కడికి చేరినా ఒళ్లు ఇంకా ఇక్కడి రాత్రిలోనే ఉంటుంది. అది సర్దుకోవడానికి వారం, పది రోజులు పట్టవచ్చు.

ఖైబర్ నుండి తిరిగి వస్తూ దైవప్రవక్త (సఅసం) రాత్రి చివరి భాగంలో మజిలీ చేశారు. ఫజ్ర్‌కు లేపే బాధ్యత హజ్రత్ బిలాల్ (రజి)కు అప్పగించారు. ఆయన తూర్పు వైపు చూస్తూ ఒంటెకు ఆనుకుని కూర్చున్నారు, అలాగే నిద్రలోకి జారుకున్నారు. ఎండ తగిలేదాకా ఎవరికీ మెలకువ రాలేదు. ప్రవక్త (సఅసం) ఆయన్ను నిందించలేదు. కొంచెం ముందుకు సాగి, వుజూ చేసి, జమాఅత్‌తో ఫజ్ర్ చేయించారు. మరచినవారు గుర్తు రాగానే నమాజు చేయాలని బోధించారు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. నిద్ర ముంచుకొస్తే పాపం లేదు. కానీ లేపేవారిని ఏర్పాటు చేసుకోవడం మన బాధ్యత. కాబట్టి జుహ్ర్ వేళ కాగానే నమాజు చేసి పడుకోండి. అస్ర్‌కు లేపమని కోడలికో, మనవడికో చెప్పండి, అలారం పెట్టుకోండి. పగలు కాసేపు వెలుతురులో నడవండి. రాత్రి మెలకువ వస్తే దిగులుపడక తహజ్జుద్ చేసుకోండి. చక్కెర వ్యాధి మందుల వేళలు ఎలా మార్చుకోవాలో బయలుదేరక ముందే డాక్టరును అడగండి.

మరో విషయం. హనఫీ ఫిఖహ్ ప్రకారం ఒకే ఊళ్లో పదిహేను రోజులు, అంతకు మించి ఉండే ఉద్దేశంతో దిగినవారు ముసాఫిర్ కారు. 'కొడుకు ఇంట్లో అతిథినే కదా' అని ఖస్ర్ చేయకూడదు, నాలుగు రకాతులూ పూర్తి చేయాలి.

ఆ పెద్దాయనకు చెప్పింది ఇదే: "మీరు ఇన్నేళ్లూ నమాజు తప్పని సాహిబె తర్తీబ్. మగ్రిబ్ సమయం దాటిపోదనుకుంటే ముందు జుహ్ర్, తర్వాత అస్ర్ ఖజా చేసి, ఆపైన మగ్రిబ్ చేయండి."

నమాజు తప్పిందని ఏడ్చే కన్ను అల్లాహ్ అనుగ్రహమే. ఆ తపనను ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.