మంచుకొండ మార్గదర్శులు

ఐరోపా ఖండమున ఆల్ప్సు పర్వతశ్రేణి కలదు. అందు మిక్కిలి ఎత్తైన శిఖరము మాంట్ బ్లాంక్. ఫ్రెంచి భాషలో ఆ పేరునకు 'తెల్లని కొండ' అని అర్థము. ఫ్రాన్సు, ఇటలీ దేశముల సరిహద్దున నున్న ఈ శిఖరము ఎత్తు సుమారు 4,806 మీటర్లు. కొనపై పేరుకొన్న మంచు పెరుగుచు తరుగుచు నుండుటచే ఈ కొలత కూడ అప్పుడప్పుడు కొంచెము మారుచుండును.

ఆ కొండ పాదమున షామొని అను లోయయు, అదే పేరుగల ఊరును కలవు. పూర్వము అచ్చటివారు పశువులను మేపుకొనుచు, కొండచరియలలో దొరకు స్ఫటికములను ఏరి అమ్ముకొనుచు జీవించెడివారు. 1760లో జెనీవా నగరమునుండి సొస్యూర్ అను శాస్త్రజ్ఞుడు ఆ ఊరికి వచ్చెను. శిఖరమునకు త్రోవ కనుగొన్నవారికి బహుమానమిత్తునని అతడు ప్రకటించెను. ఎందరో యత్నించి విఫలులైరి. తుదకు 1786 ఆగస్టు 8వ తేదీన ఆ ఊరి వైద్యుడు పకార్, స్ఫటికములను వెదకెడి బల్మా అను ఇరువురు శిఖరమును చేరిరి. మరుసటి యేడు సొస్యూర్ తానును పదునెనిమిదిమంది మార్గదర్శులతో పైకి పోయి, భారమితి సహాయమున శిఖరపు ఎత్తును లెక్కించెను. నాటినుండి షామొని వాసులకు క్రొత్త వృత్తి యొకటి ఏర్పడెను. అది యాత్రికులకు త్రోవ చూపు వృత్తి.

త్రోవ చూపుటకు దారి తెలిసియుండుట ఒక్కటే చాలదు. మాంట్ బ్లాంక్ ప్రక్కలనుండి హిమానీనదములు దిగుచుండును. ఏటేట కురిసిన మంచు పొరలు పొరలుగా అణగి గట్టి గడ్డగా మారి, తన బరువుచేతనే మెల్లగా పల్లమునకు జారుచుండును. అదియే హిమానీనదము. దాని కదలిక కంటికి కనబడదు. ఎగుడుదిగుడు నేలపై జారునపుడు అది విచ్చిపోయి లోతైన పగుళ్లు ఏర్పడును. వానిపై క్రొత్తమంచు పడి పలుచని కప్పువలె మూసివేయును. చూచువానికి అంతయు తెల్లని నేలయే. అడుగు పెట్టినచో క్రింద అగాధము. రాత్రి చలికి ఈ కప్పు గట్టిపడును. ఎండ యెక్కిన కొలది మెత్తబడును. అందుచేతనే మార్గదర్శులు తెల్లవారుటకు చాల ముందుగనే బయలుదేరి, ఎండ ముదరకమునుపే మరలివచ్చునట్లు ప్రయాణమును నిర్ణయింతురు.

1820 ఆగస్టు మాసమున హామెల్ అను శాస్త్రజ్ఞుడు రష్యా దేశమునుండి వచ్చి, ఇద్దరు ఆంగ్లేయులతోను కొందరు మార్గదర్శులతోను కలిసి శిఖరయాత్రకు బయలుదేరెను. మొదటినాటి సాయంకాలము వారు హిమానీనదము నడుమనున్న గ్రాన్ ముళె అను బండలను చేరి అచ్చట విడిసిరి. రాత్రి వాతావరణము చెడెను. మరునాడంతయు వారు ఆ బండలపైననే చిక్కుపడియుండిరి. ఎగువన క్రొత్తమంచు విస్తారముగా కురిసెను. మూడవనాటి ఉదయమున ఆకాశము తేటపడెను.

ముందుకు సాగుటయా? మరలిపోవుటయా? మరలిపోవుటయే మేలని మార్గదర్శులు తలచిరనియు, యాత్రికులు పట్టుపట్టిరనియు పిమ్మట పలువురు చెప్పుకొనిరి. అట్లు కాదని వాదించినవారును కలరు. ఎట్లైనను వారు పైకే సాగిరి.

వారు నిటారైన వాలునకు అడ్డముగా వరుసగా నడచుచుండిరి. అడుగున పాతమంచు గట్టిగా నుండెను. దానిపై క్రొత్తమంచు సరిగా అంటుకొనక నిలిచియుండెను. అడుగుల త్రొక్కిడికి ఆ పైపొర తెగి, మనుష్యులతో సహా క్రిందికి జారెను. పియెర్ బల్మా, పియెర్ కారియె, ఒగ్యుస్త్ తెరాజ్ అను ముగ్గురు మార్గదర్శులు వాలు క్రిందనున్న గొప్ప పగులులో పడి మంచులో పూడిపోయిరి. మిగిలినవారు కర్రలతో మంచును గ్రుచ్చి వెదకిరి, కేకలు వేసిరి. బదులు రాలేదు. యాత్రికులు ముగ్గురును ప్రాణములతో మరలివచ్చిరి. త్రోవ చూపవచ్చినవారిలో ముగ్గురు మాత్రము మరలిరాలేదు.

ఈ విపత్తు షామొనివారిని కలచివేసెను. 1821లో వారు మార్గదర్శుల సంఘమును స్థాపించిరి. వంతు ప్రకారము పనికి పోవలెనను నియమమును, ఆపద పాలైనవారిని ఆదుకొను సహాయనిధిని ఏర్పరచుకొనిరి. రెండువందల సంవత్సరములు గడచినను ఆ సంఘము నేటికిని పనిచేయుచున్నది.

కథ అంతటితో ముగియలేదు. హిమానీనదముల నడకను కొలిచిన ఫోర్బ్స్ అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు, చనిపోయినవారి శేషములు సుమారు నలువది యేండ్లకు దిగువన బయటపడునని అంచనా వేసెను. అట్లే 1861లో బోసోఁ హిమానీనదము కొసన మంచు కరగి, వారి అస్థులు, ఒక టోపీ, నలిగిన లాంతరు, చేతికర్ర ముక్కలు కానవచ్చెను. ఆనాడు మృత్యువునుండి తప్పించుకొన్న కూతె అను మార్గదర్శి అప్పటికి డెబ్బది యేండ్లు దాటిన వృద్ధుడు. అతడు వచ్చి తన సహచరుల శేషములను గుర్తించెను. నలువదియొక్క సంవత్సరములు హిమానీనదము వారిని మోసికొని మెల్లగా ఊరివైపునకే నడచివచ్చెను!

నేడు యాత్రికులు మంచు గొడ్డలి చేతబట్టి, ఇనుప ముండ్లుగల అడుగులను పాదరక్షలకు బిగించుకొని, హిమానీనదముపై ఒకే త్రాటికి కట్టుకొని నడతురు. ఒకడు పగులులో పడినచో తక్కినవారు కాళ్లు తన్నిపెట్టి అతనిని నిలుపుదురు. ఎక్కునపుడు మార్గదర్శి ముందు నడచును. దిగునపుడు వెనుక నడచును. పైనున్నవాడే జారినవానిని త్రాటితో ఆపగలడు గదా! మేఘములను, గాలిని, కాలిక్రింది మంచును అతడు ఎడతెగక గమనించుచుండును. యాత్రికుడు దూరదేశమునుండి ధనము వెచ్చించి వచ్చియుండవచ్చును. శిఖరము కన్నులకు ఎదురుగనే యుండవచ్చును. అయినను మార్గదర్శి "ఇక మరలుదము" అన్నచో మరలవలసినదే. ఆ మాట చెప్పుట అతనికిని సులభము కాదు. పిరికివాడని యెవరైన అందురేమో యను శంక అతనికిని కలుగవచ్చును. ఆ శంకను దాటి ఆ మాట చెప్పగలుగుటయే మార్గదర్శి ధైర్యము. చెవియొగ్గి వినుటయే యాత్రికుని వివేకము. మరలిపోయినవాడు మరియొక యేడు తిరిగి రావచ్చును. కొండ అచ్చటనే యుండును.

ప్రశ్నలు

1. హిమానీనదము ఎట్లు ఏర్పడును? దానిపై నడచుట ఏల అపాయకరము?
2. మార్గదర్శులు తెల్లవారకమునుపే బయలుదేరుటకు కారణమేమి?
3. 1820లో జరిగిన విపత్తును మీ మాటలలో వ్రాయుడు.
4. మరలిపోవుట కూడ ధైర్యమే యని ఈ పాఠము ఎట్లు తెలుపుచున్నది?