స్లీపర్ బోగీ లోపల

హెచ్‌వో స్కేల్ అంటే 1:87. మన పాత నీలం ఐసీఎఫ్ స్లీపర్ బోగీ పొడవు సుమారు 21.3 మీటర్లు, 87తో భాగిస్తే 245 మిల్లీమీటర్లు. లెక్క ఇంత ఈజీ కదా అని బెర్తులు కూడా అలాగే భాగించి అట్టతో కోసేశాను. బేకి 8 చొప్పున 9 బేలు, మొత్తం 72. రెండు రాత్రులు పట్టింది. తీరా పెట్టి చూస్తే లోపల పట్టలేదు!

తప్పంతా గోడది. మోడల్ ప్లాస్టిక్ గోడ, స్కేల్ ప్రకారం ఉండాల్సిన దానికన్నా మందం. అందుకే మీరు వెర్నియర్‌తో లోపలి వెడల్పే కొలవండి. తగ్గిన మిల్లీమీటర్లు నడిచే దారిలోంచి తీసేయండి. కిటికీలోంచి దారి సరిగా కనపడదు, బెర్తు అంచు మాత్రం కనపడుతుంది. రంగు అసలు దానికన్నా కొంచెం లైట్‌గా వేయాలి, లోపల చీకటి కాబట్టి.

మా తాతయ్య రైల్వేలో ఫిట్టర్‌గా చేశారు. ఈ డిజైన్ బోగీల తయారీ 2018లో ఆగిపోయింది, అందుకే ఆయన చూపు ఇంకా తగ్గకముందే పూర్తి చేయాలని నా తొందర. చూడగానే, "మిడిల్ బెర్తు ఎత్తేసి జనాన్ని కూర్చోబెట్టావేంట్రా, తలలు ఎక్కడ పెట్టుకుంటారు?" అన్నారు. నిజమే. పగలైతే అది కిందికి దిగి వీపుకి ఆనుకునే పలక అవుతుంది. ముందు పగలో రాత్రో డిసైడ్ అవ్వాలన్నమాట. అన్నీ పీకి మళ్లీ అతికించాను.

ఎల్‌ఈడీ వెలిగించాక కిటికీకి కన్ను ఆనించి చాలాసేపు చూశారు. "సైడ్ లోయర్ వాడి చెప్పులేవి?"

బొమ్మలు సీట్లో పట్టడానికి మోకాళ్ల కింద కోసేశానని ఇంకా చెప్పలేదు.