మౌంట్ డెజర్ట్ దీవిలో పరుగెత్తబోయే మేనకోడలికి



అక్టోబరులో మెయిన్ రాష్ట్రంలోని మౌంట్ డెజర్ట్ దీవి మారథాన్‌కి పేరిచ్చావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన ట్రైనింగ్ ప్లాన్ మొత్తం చదివాను. ఇరవై ఆరు మైళ్లకీ ఒకే పేస్ రాసుకున్నావు, మైలుకి తొమ్మిది నిమిషాల తొమ్మిది సెకన్లు. నాలుగు గంటల్లో పూర్తి చెయ్యడానికి ఆ లెక్క సరైనదే, కానీ ఆ దీవికి మాత్రం సరిపడదు. అక్కడ నేను పరుగెత్తాను కాబట్టి, ఫోన్లో హడావుడిగా చెబితే అర్థమయ్యే సంగతి కాదు కాబట్టి, ఇలా ఉత్తరం రాస్తున్నాను.

ముందు దారి సంగతి. పరుగు బార్ హార్బర్ ఊరి నడిబొడ్డున మొదలవుతుంది. అక్కణ్ణించి దక్షిణంగా ఆటర్ క్రీక్, తర్వాత సముద్రం ఒడ్డున సీల్ హార్బర్, నార్త్‌ఈస్ట్ హార్బర్, ఆ పైన సోమ్స్ సౌండ్ అనే సముద్రపు పాయ పక్కనే ఉత్తరానికి ఎక్కి సోమ్స్‌విల్. అక్కడ మళ్లీ దక్షిణానికి తిరిగి సౌత్‌వెస్ట్ హార్బర్‌లో ముగుస్తుంది. మొదలుపెట్టిన చోటికి తిరిగి రావు. ఈ దారిలో చదునైన నేల అంటూ దాదాపు ఉండదు. పేరున్న పెద్ద కొండ కాడిలాక్, 1,530 అడుగులు. దాని మీదికి మనం ఎక్కం, భయపడకు. మనల్ని అలసిపోయేలా చేసేవి పేరులేని చిన్న చిన్న ఎత్తులు. ఒకటి ఎక్కి దిగి ఊపిరి పీల్చుకునేలోపు ఇంకొకటి ఎదురవుతుంది.

నువ్వు బోస్టన్‌లో చార్లెస్ నది పక్కన ప్రాక్టీసు చేస్తున్నావు. ఆ బాట బల్లపరుపుగా ఉంటుంది. అక్కడ వాచీలో కనిపించే పేస్, నీ ఒంటి మీద పడే శ్రమ, రెండూ ఒకటే. కొండ దారిలో ఆ రెండింటికీ పొత్తు కుదరదు. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా తొమ్మిది నిమిషాల తొమ్మిది సెకన్లే ఉండాలని పట్టుబట్టావంటే, ఆ ఒక్క మైలు కోసం రెండు మైళ్ల బలం ఖర్చు పెడతావు. కాళ్లలో దాచుకున్న గ్లైకోజెన్ అనే ఇంధనం తొందరగా కరిగేది అలా పట్టుబట్టినప్పుడే. కాబట్టి శ్రమని సమానంగా పంచుకో, టైముని కాదు. దానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మొదటి పదహారు మైళ్లూ పక్కవాళ్లతో ఒక వాక్యం తడబడకుండా పూర్తిగా చెప్పగలగాలి. ఎత్తు మీద ఆ వాక్యం మధ్యలో తెగిందంటే నువ్వు ఎక్కువ వేగంగా వెళ్తున్నట్టే. వెంటనే తగ్గు, అవసరమైతే నడువు. నిటారు చోట పెద్ద అంగలతో నడిచేవాళ్లకీ, ఆయాసపడుతూ పరుగెత్తేవాళ్లకీ పెద్ద తేడా ఉండదు.

మీ అమ్మమ్మ ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేది, నీకు తెలుసు కదా. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. హనుమంతవాక దాకా కుర్రాళ్లు దూసుకుపోయేవాళ్లు. ఆవిడ మాత్రం బయల్దేరినప్పుడు ఎలా నడిచిందో, చాలా దూరం నడిచాక కంచరపాలెం దగ్గరా అలాగే నడిచేది. దారిలో అరుగుల మీద కూలబడ్డ కుర్రాళ్లని పలకరించుకుంటూ పోయేది. మారథాన్‌లో నీకు ఆ నడక కావాలి.

ఇప్పుడు అందరూ మర్చిపోయే విషయం చెబుతాను. కొండ పరుగులో తొడల్ని చంపేది ఎక్కడం కాదు, దిగడం. దిగేటప్పుడు ప్రతి అడుగులోనూ తొడ ముందు కండరం సాగుతూనే శరీరానికి బ్రేకు వెయ్యాలి. ఆ పనిలో కండరం లోపలి సన్నని పోగులు దెబ్బతింటాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజులకి పైకి తేలుతుంది. మారథాన్‌లో మాత్రం పద్దెనిమిదో మైలు నుంచే కాళ్లు చెక్కముక్కల్లా బిగుసుకోవడం మొదలవుతుంది. ఇంతా చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కండరానికి మంచి జ్ఞాపకశక్తి ఉంది. దిగుడు ఒకసారి గట్టిగా ప్రాక్టీసు చేస్తే, ఆ తర్వాత కొన్ని వారాలపాటు అదే పని చేసినా అంతగా దెబ్బతినదు. అందుకే వారంలో ఒకరోజు దిగుడు కోసమే కేటాయించు.

బోస్టన్‌లో దానికి చోటు లేదనకు. న్యూటన్‌లో కామన్‌వెల్త్ అవెన్యూ మీద హార్ట్‌బ్రేక్ హిల్ ఉంది. బోస్టన్ మారథాన్‌లో ఇరవయ్యో మైలు దాటాక వచ్చేది అదే, దాదాపు అర మైలు పొడవైన ఎత్తు. దాన్ని ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కు. శనివారం గుడికి ఆష్లండ్ వెళ్తుంటావు కదా, లక్ష్మీదేవి గుడి ముందున్న 135వ నంబరు రోడ్డు కూడా ఆ మారథాన్ దారే. గుడికి వెళ్లే ముందు అక్కడ ఒక గంట పరుగెత్తు, నీకు దర్శనమూ ప్రాక్టీసూ రెండూ అవుతాయి. మట్టి దారి కావాలంటే మిల్టన్‌లో బ్లూ హిల్స్ ఉన్నాయి, కానీ అక్కడ రాళ్లు ఎక్కువ, చీలమండ జాగ్రత్త. నువ్వు మౌంట్ డెజర్ట్‌లో పరుగెత్తేది తారు రోడ్డు మీద, కాబట్టి ఎక్కువ ప్రాక్టీసు రోడ్డు మీదే చెయ్యి. దిగేటప్పుడు వెనక్కి వాలకు, మడమ ముందుకి విసిరి బ్రేకు వెయ్యకు. అడుగులు చిన్నవిగా, వెంటవెంటనే పడాలి. చూపు పాదాల మీద కాకుండా పది గజాల ముందు ఉండాలి.

కాలిగోళ్లు రెండు రోజుల ముందే తీసుకో. షూ కొన దగ్గర బొటనవేలికి ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. లేకపోతే ప్రతి దిగుడులోనూ గోరు వెళ్లి షూకి తగిలి, సాయంత్రానికి నల్లగా అయిపోతుంది. షూ లేసు పై రంధ్రం దగ్గర మడమ కదలకుండా బిగించి, ముందు భాగం మాత్రం కాస్త వదులుగా ఉంచు. చూడ్డానికి చిన్న సంగతే, కానీ ఇరవై ఆరు మైళ్లలో ఇది పెద్దదవుతుంది.

ఆ దీవి అందం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నువ్వు వెళ్లేది దాన్ని చూడ్డానికి కూడా. అక్టోబరు మధ్యలో బార్ హార్బర్ వైపు కొండలు ఎర్రగా, పసుపుగా, నారింజ రంగులో మండుతుంటాయి. ఆ రంగులకి కారణం ఒక ఘోరం. 1947 అక్టోబరులో, సరిగ్గా ఈ పరుగు జరిగే రోజుల్లోనే, ఎండిపోయిన అడవికి నిప్పంటుకుంది. గాలి తోడై, పదిహేడు వేల ఎకరాలకి పైగా కాలిపోయింది. అందులో పది వేల ఎకరాలకి పైగా అకాడియా నేషనల్ పార్కులోదే. బార్ హార్బర్‌లో కోటీశ్వరుల వేసవి భవనాలు వరసగా ఉన్న వీధి కూడా బూడిదైంది. అంతకు ముందు అక్కడ ఎక్కువగా ఉన్నవి స్ప్రూస్, ఫర్ లాంటి సూదిమొనల ఆకుల చెట్లు, ఏడాదంతా ముదురు పచ్చగా ఉండేవి. అవి కాలిపోయిన చోట వెలుతురు పడింది, బర్చ్, ఆస్పెన్, మేపుల్ మొలిచాయి. శరదృతువులో రంగులు మారేవి ఇవే. నువ్వు మొదటి మైళ్లలో చూసే రంగులన్నీ ఆ మంట తర్వాత పుట్టిన అడవివే. పడమటి వైపు సోమ్స్‌విల్ దాటాక చూడు, అక్కడ మంట రాలేదు, చెట్లు ముదురు పచ్చగానే ఉంటాయి. ఒక దీవి తూర్పుకీ పడమరకీ ఉన్న ఈ తేడాని కాళ్లతో దాటుతూ చూడగలగడం ఎంతమందికి దొరుకుతుంది!

నార్త్‌ఈస్ట్ హార్బర్ దాటాక సార్జెంట్ డ్రైవ్ వస్తుంది. నా మాటగా చెబుతున్నాను, ఈ పరుగులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. సన్నని రోడ్డు, కుడి పక్క కొండ రాయి, ఎడమ పక్క కిందనే నీళ్లు. వేల ఏళ్ల కిందట మంచు తోసుకుంటూ తవ్విన లోయలోకి సముద్రం వచ్చి నిండడంతో సోమ్స్ సౌండ్ ఏర్పడింది, దాదాపు అయిదు మైళ్ల పొడవు. అవతలి ఒడ్డున అకాడియా మౌంటెన్ నీళ్లలోంచి నేరుగా లేచి నిలబడుతుంది. అక్కడ ఒక్క నిమిషం తల తిప్పి చూడు. సగం దూరం దాటిన ఆ ఉత్సాహంలో కాళ్లు తేలిక అయినట్టు అనిపించి వేగం పెంచాలనిపిస్తుంది. పెంచకు. నువ్వు బలం ఖర్చు పెట్టాల్సిన చోటు ఇంకా ముందుంది.

సోమ్స్‌విల్‌లో చెరువు మీద తెల్లటి చిన్న వంపు వంతెన కనిపిస్తుంది, ఫోటోల్లో చూసే ఉంటావు. ఆ ఊరు 1761లో మొదలైంది, దీవిలో బయటివాళ్లు స్థిరపడ్డ మొట్టమొదటి ఊరు. అంతకు ముందు నుంచీ ఈ నేల వబానాకి ప్రజలది. సోమ్స్‌విల్ దగ్గర దాదాపు ఇరవై మైళ్లు పూర్తయ్యే వేళ రోడ్డు దక్షిణానికి తిరుగుతుంది, ఎకో లేక్ పక్కగా సౌత్‌వెస్ట్ హార్బర్ వైపు ఎక్కుతుంది. మారథాన్ అంటే ఎక్కడైనా ఇరవై మైళ్ల తర్వాతే మొదలవుతుందంటారు కదా, ఇక్కడ ఆ మొదలుకే ఎత్తు వచ్చింది. నిటారు ఎత్తేం కాదు, కానీ పొడుగ్గా తెగకుండా సాగుతుంది. చివరి మైలు దగ్గర మాత్రమే దిగుతుంది. నీ ప్లానంతా ఈ చివరి ఆరు మైళ్ల కోసమే తయారవ్వాలి. ముందు మిగుల్చుకున్నదేదైనా ఇక్కడ ఖర్చు పెట్టు. ఈ ఎత్తు మీద ఎదుటివాళ్లు నడుస్తుంటే నువ్వు నిదానంగా పరుగెత్తుతూ దాటగలిగావంటే చాలు, పూర్తయ్యాక టైమ్ ఏదైనా అది మంచి పరుగే. బోస్టన్‌కి అర్హత కావాలంటే చికాగో లాంటి చదునైన ఊరు వేరే ఏడాది చూసుకుందువు. ఈ పరుగుని అర్హత కోసం వాడుకోవాలనుకోవడం తప్పు.

ఇంకో సంగతి, ఇది చిన్న పరుగు. బోస్టన్‌లోలా రోడ్డుకి రెండు పక్కలా జనం అరవరు. పదో మైలు తర్వాత నీ ముందు ఒకరు, నీ వెనక ఒకరు, మధ్యలో అడవి. ఆ ఒంటరితనం కొందరికి చాలా కష్టంగా ఉంటుంది. వారానికి ఒకసారైనా చెవిలో పాటలు లేకుండా ఒక్కదానివే దూరం పరుగెత్తు. నీళ్లు అందించే వాళ్లలో చాలామంది ఆ దీవివాళ్లే, పనులు మానుకుని చలిలో నిలబడతారు. ఎవరి చేతిలోంచి గ్లాసు తీసుకున్నా కళ్లలోకి చూసి థాంక్స్ చెప్పు.

తిండి సంగతి మీ అమ్మ చెబుతుంది కానీ నేనూ చెబుతాను. ముందు రోజు రాత్రి అన్నం, పెరుగు, బంగాళాదుంప కూర. పప్పులూ పచ్చి కూరలూ వద్దు, పొట్టలో ఎక్కువసేపు ఉంటాయి. ఊళ్లో అన్నం దొరుకుతుందో లేదో నమ్మకం పెట్టుకోకుండా చిన్న రైస్ కుక్కర్ కారులో పెట్టుకో. పరుగులో ప్రతి ముప్పావు గంటకీ ఒక జెల్, దాంతో నీళ్లు. గంటకి నలభై, యాభై గ్రాముల పిండిపదార్థం నీ కడుపు తట్టుకుంటుందో లేదో ప్రాక్టీసులోనే తేల్చుకో. దాహం లేకుండా ప్రతి టేబుల్ దగ్గరా నీళ్లు తాగకు. ఒంట్లో ఉప్పు పలచబడితే నీళ్ల కొరత కంటే ప్రమాదం.

పొద్దున్నే 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉండడం మామూలే, పైగా సముద్రం గాలి. మొదట్లో వేసుకుని పారేసే పాత స్వెటరూ, చేతులకి గ్లోవ్సూ తీసుకెళ్లు. పరుగు అయిపోయాక చెమట బట్టలతో నిలబడితే వణుకు పడుతుంది. పొడి బట్టలు, సాక్సులతో సహా, సంచిలో పెట్టి ముగింపు దగ్గర దొరికేలా చూసుకో. బార్ హార్బర్‌లో కారు వదిలితే వెనక్కి ఎలా రావాలో ముందు రోజే కనుక్కో.

అక్టోబరు సగం దాటితే అక్కడ చాలా హోటళ్లు సీజన్ అయిపోయిందని మూసేస్తారు, ఉన్నవాటికి పరుగు వాళ్లే పోటీ. బోస్టన్ నుంచి అయిదు గంటల డ్రైవింగ్, అందుకే ముందు రోజే చేరుకోవాలి. ఈ వారంలోనే గది బుక్ చేసుకుని నాకు ఫోన్ చెయ్యి. మా ఊరు నాషువా నుంచి నేనూ వస్తాను, సోమ్స్‌విల్ వంతెన దగ్గర నీకు జెల్, నీళ్లు అందిస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య