పాసుపుస్తకం నీ చేతిలో ఉండాలి

చి. ల. సౌ. హారికకు, మేనత్త ఆశీర్వదించి రాస్తున్నది.

నీ మెసేజ్ చదివాను. ఫోన్ చేద్దామంటే నీ పక్కన ఎవరుంటారో తెలియదు. అందుకే హాస్టల్ అడ్రసుకి రాస్తున్నాను.

ఐదు వేల మీటర్లలో నీ టైమింగ్ బాగుపడిందన్నావు, కడుపు నిండింది. మోకాలి నొప్పి సంగతి మాత్రం దాటేశావు. ఆ కిందే “కార్డూ పాసుపుస్తకం కోచ్ సార్ దగ్గరే ఉన్నాయత్తా, నాకు ప్రాక్టీసు తప్ప వేరే ధ్యాస ఉండకూడదంటారు” అని రాశావు. వచ్చే సీజన్‌లోపు పెళ్లి చేసుకుందామంటున్నాడని చివర్లో ఇంకో ముక్క. ఆ రెండు ముక్కలూ ఒకే మనిషి గురించి అయ్యేసరికి నాకు నిద్ర పట్టడం లేదు.

ఆగ్నెస్ టిరోప్ పేరు నీకు తెలిసే ఉంటుంది, నీ దూరాలు పరిగెత్తిన పిల్లే. కెన్యాలో ఇటెన్ అనే కొండ మీది ఊళ్లో ఉండేది. 2015లో, 19 ఏళ్లకే ప్రపంచ క్రాస్ కంట్రీ ఛాంపియన్. 2017, 2019 ప్రపంచ పోటీల్లో పది వేల మీటర్లలో కాంస్యాలు. టోక్యో ఒలింపిక్స్‌లో ఐదు వేల మీటర్లకు నాలుగో స్థానం. 2021 సెప్టెంబర్ 12న జర్మనీలో, ఆడవాళ్లకే పెట్టిన 10 కిలోమీటర్ల రోడ్డు రేసును 30 నిమిషాల 1 సెకనులో ముగించింది. పాత రికార్డు మీద 28 సెకన్లు తగ్గించడమంటే ఏమిటో నీకు నేను చెప్పాలా! సరిగ్గా నెల తిరిగాక, అక్టోబర్ 13న, తన ఇంట్లోనే కత్తిపోట్లతో శవమై కనిపించింది. భర్త మీద హత్య కేసు పెట్టారు, తాను చేయలేదన్నాడు. అక్టోబర్ 23న ఖననం చేశారు. బతికి ఉంటే ఆ రోజుకు ఆ పిల్లకి 26 నిండేవి.

ఆమె పోయాక తోటి రన్నర్లు నోరు విప్పారు. పల్లెల నుంచి వచ్చిన చిన్న పిల్లల చుట్టూ కోచ్‌నని, మేనేజర్‌నని, ఆ తర్వాత మొగుణ్ణని మగవాళ్లు చేరడం, రేసుల డబ్బు తమ ఖాతాల్లో వేసుకోవడం, స్థలాలు తమ పేర రాయించుకోవడం అక్కడ ఎప్పటి నుంచో ఉన్నదేనని చెప్పారు.

కెన్యా ఎక్కడ, మనమెక్కడ అంటావేమో. నాతో జిల్లా జట్టుకి ఖోఖో ఆడిన అమ్మాయి ఒకతె ఉండేది. ఏలూరులో పోటీలైతే మేం బస్సులో నిలబడి, పాటలు పాడుకుంటూ పోయేవాళ్లం. పోల్ దగ్గర దాని డైవ్ చూడటానికి అవతలి జట్టు వాళ్లు కూడా ఆగేవారు. దానికీ నాతో పాటే డ్రిల్ టీచరుగా ఉద్యోగం వచ్చింది. పెళ్లయ్యాక ఖాళీ విత్‌డ్రాయల్ ఫారాల కట్ట మీద దాని చేత ముందే సంతకాలు పెట్టించి బీరువాలో దాచుకునేవాడు ఆ మహానుభావుడు. కూతురికి స్కూలు బూట్లు కొనాలంటే తన జీతంలోంచే తాను అడుక్కునేది. ఒంటి మీది దెబ్బలు ఆ తర్వాత మొదలయ్యాయి. పుట్టింటికి పోదామంటే చేతిలో బస్సు చార్జీ లేదు. ముందు డబ్బు మీద చెయ్యి పడుతుంది, ఆ పైన మనిషి మీద. అందుకే నా మొదటి జీతం నాడు మీ తాతయ్య నన్ను పోస్టాఫీసుకి తీసుకెళ్లి, నా పేరున ఖాతా తెరిపించి, పుస్తకం నా చేతికే ఇచ్చారు. నా పెళ్లిలో పెట్టిన బంగారం కన్నా నాకు అదే ఎక్కువ.

రాగిజావ తాగుతున్నావా? ఐరన్ మాత్రలు మధ్యలో మానకు. నీకు చిన్నప్పటి నుంచీ రక్తం తక్కువే.

ఉగాండా రన్నర్ రెబెకా చెప్టెగీ సంగతీ విను. పారిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో 44వ స్థానంలో వచ్చింది. ప్రాక్టీసుకి వీలుగా ఉంటుందని కెన్యా సరిహద్దు లోపల ఎండెబెస్‌లో స్థలం కొని ఇల్లు కట్టుకుంది. ఆ స్థలం దగ్గరే తగాదా మొదలైందన్నారు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. చర్చి నుంచి పిల్లలతో ఇంటికొచ్చిన మనిషి మీద ఒకప్పటి సహచరుడు పెట్రోలు పోసి నిప్పంటించాడు. నాలుగు రోజులకి ప్రాణం పోయింది. 33 ఏళ్లు. పోలీసులకి ముందే ఫిర్యాదు చేశామని తండ్రి చెప్పుకుని ఏడ్చాడు. మీ నాన్న ముఖం గుర్తొచ్చింది నాకు.

అయితే ఆ ఆడపిల్లల కథ చావు దగ్గర ఆగలేదు, తల్లీ. ఆగ్నెస్ పోయాక తోటి రన్నర్లు ‘టిరోప్స్ ఏంజెల్స్’ అని సంస్థ పెట్టారు. ఇంట్లో హింస పడే ఆటగత్తెలు వచ్చి చెప్పుకునే చోటు అది. దాన్ని మొదలుపెట్టిన వాళ్లలో ఒకరైన వయోలా లగాట్ ఆగ్నెస్ పోయిన ఏడాదే నవంబర్‌లో న్యూయార్క్ మారథాన్‌లో రెండో స్థానంలో వచ్చింది. స్నేహితురాలు పోయి నెల కూడా కాలేదు! రికార్డుని రేపు ఇంకొకరు కొడతారు. ఒక ఆడపిల్ల భయపడకుండా తలుపు తట్టే చోటు మాత్రం నిలుస్తుంది. వాళ్లు పోయి మనకి మిగిల్చింది ఇదే. దాన్ని వాడుకోకపోతే వాళ్లకి మనం చేసే అన్యాయం.

మీ సార్ చెడ్డవాడని నేననడం లేదు. నీ టైమింగ్ తగ్గించిన మనిషి, ఆ గౌరవం ఉండాల్సిందే. మంచివాడైతే కార్డు అడగ్గానే ఇచ్చేస్తాడు. కోపం తెచ్చుకున్నా, అలిగినా, “నా మీద నమ్మకం లేదా” అన్నా, పెళ్లి మాట అక్కడికక్కడే ఆపెయ్.

సోమవారం బ్యాంకుకి వెళ్లు. పిన్ మార్చు. ఖాతాకి ఎవరి ఫోన్ నంబరుందో చూడు, ఓటీపీ నీ ఫోన్‌కే రావాలి. నామినీగా మీ అమ్మ పేరు రాయించు. ఇంకోటి, పని చేసే చోట ఆడవాళ్ల మీద వేధింపులకి 2013లో వచ్చిన చట్టం కింద స్టేడియాలు, ట్రైనింగ్ సెంటర్లు కూడా వస్తాయి. అక్కడ ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారో కనుక్కో. 181 నంబరు ఫోన్లో పెట్టుకో. వీటిలో ఏదీ సిగ్గుపడాల్సిన పని కాదు.

ఏ రాత్రైనా ఫోన్ చెయ్యి, మామయ్య నేనూ బండేసుకుని వచ్చేస్తాం. కొత్త బూట్లకి డబ్బు పంపుతాను. నీ ఖాతా నీ చేతికొచ్చిందని చెప్పాకే పంపుతాను.

ఆశీస్సులతో,
మీ అత్త